మిస్ ఊనా నవలకు నేనిచ్చిన ముగింపు

కిందటి నెలలో ఒక ఐరిష్ అమ్మాయి మలేసియాలో, ఇపోలో ఉన్న మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు బ్రిజిడ్. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎండకి ముఖమంతా కందిపోయి, భుజాన బరువైన సంచీతో గేటు దగ్గర నిలబడి, "మిస్ ఊనా దగ్గర చదువుకున్న గౌరి మీరేనా?" అని అడిగింది. మిస్ ఊనా ఆమెకు అమ్మమ్మ చెల్లెలట. ఆవిడ నిరుడు పోయిందని మా పాత క్లాసు వాళ్ళెవరో ఫోనులో పంపితే నేనూ చూశాను. విమానాశ్రయాల్లో, రైలు స్టేషన్లలో, లైబ్రరీల్లో ఏ దేశంలో చూసినా కనిపించే లావుపాటి నవలలు రాసిన మనిషి, వయసులో ఉండగా రెండేళ్ళు మా పెరాక్ రాష్ట్రంలో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిందంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. బ్రిజిడ్ ఆవిడ జీవితచరిత్ర రాస్తోంది. అందుకే ఇంత దూరం వచ్చింది.

టీ ఇచ్చాను. తాగకుండానే సంచీలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. మిస్ ఊనా డైరీలో ఒక పేజీకి నకలు. ఆ వాలు అక్షరాలు చూడగానే పోల్చుకున్నాను. నా కాంపోజిషన్ పుస్తకాల అంచుల్లో అవే అక్షరాలతో దిద్దేది. "గౌరి ఈవేళ నవ్వుతూ చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు కౌంటరు వెనకనుంచి బయటికొచ్చి వాళ్ళ అత్త చెయ్యి పట్టుకుంటోందట. కొన్ని కథలు సుఖంగానే ముగుస్తాయన్నమాట" అని ఉంది.

"ఆవిడకు పేరు తెచ్చిన నవల ముగింపు ఇదే కదా" అంది బ్రిజిడ్. "ఎవరు అడిగినా అదే చెప్పేవారు. అది నా కల్పన కాదు, దూరదేశంలో నిజంగా జరిగింది, జరిగిందని తెలియకపోతే అలా రాసే ధైర్యం నాకుండేది కాదు అనేవారు. నిజంగా జరిగిందా?"

"జరిగింది" అన్నాను.

ఆ అమ్మాయి తలవంచుకుని శ్రద్ధగా రాసుకుంది. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు నిజమే చెప్పాలని పాఠాలు చెప్పినదాన్ని. డెబ్భై దగ్గరపడ్డాక, నా ఇంటి హాల్లో కూర్చుని, పదహారేళ్ళప్పుడు ఆడిన అబద్ధాన్నే మళ్ళీ ఆడాను. ఆమె వెళ్ళిపోయాక రెండు కప్పులూ కడిగి బోర్లించి, వంటింట్లో నిలబడిపోయాను.

మా నాన్న సుంగై సుమున్ దగ్గర కొబ్బరి తోటలో కిరాణి. అంటే కొట్టు పెట్టుకున్నవాడని కాదు, తోట ఆఫీసులో గుమస్తాను అక్కడ అలాగే పిలిచేవారు. మా అమ్మ నాకు రెండేళ్ళప్పుడే పోయింది. నన్ను పెంచింది నాన్న చెల్లెలు పైడమ్మత్త. అత్తకు పెళ్ళయిన మూడేళ్ళకే మావయ్య జ్వరంతో పోతే మా ఇంటికి వచ్చేసింది. కొబ్బరి ఎండబెట్టే సాలలో పని చేసేది. పొద్దున్నే తోట గంట కొట్టకముందే లేచి, గంజి కాచి, నెత్తళ్ళు మిరపకాయతో వేయించి, నాన్నకు క్యారియరు కట్టి, నాకు జడ వేసి వెళ్ళేది. జడ వేస్తున్నంతసేపూ ఆవిడ చేతులనుంచి పొగవాసన, ఎండుకొబ్బరి వాసన కలిసి వచ్చేవి. ఎన్ని తలంట్లు పోసుకున్నా ఆవిడకు ఆ వాసన పోయేది కాదు. సాయంత్రాలు ఏరువైపు గాలి తిరిగితే బురద వాసన ఇంట్లోకి కొట్టేది. అప్పుడు గుమ్మంలో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, వక్క నములుతూ, తనలో తను ఏదో మాట్లాడుకునేది. తోటలో మా వాళ్ళందరూ అలాగే మాట్లాడేవారు, వాళ్ళ తాతలు విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కేటప్పుడు తెచ్చుకున్న మాటలతో. మా పిల్లలకు అవి వింటే అర్థమవుతాయి, నోట రావు.

నాకు మూడేళ్ళు నిండుతున్నప్పుడు మా ఇంటికి ఒక బిడ్డ వచ్చింది. సుంగై సుమున్ బజారులో కొట్టు ఉన్న చీనా తౌకేకు, అంటే ఆ కొట్టు యజమానికి, ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గడియ తండ్రికి మంచిది కాదని వాళ్ళ గుడిలో ఎవరో చెప్పారట. నలభై రోజుల పసిగుడ్డును తువ్వాల్లో చుట్టి తెచ్చి మా అత్త ఒళ్ళో పెట్టారు. ఆ రోజుల్లో ఇలా చీనా ఆడపిల్లలు మన ఇళ్ళల్లో పెరగడం వింత కాదు. అత్త ఆ పిల్లకు నూకాలు అని పేరు పెట్టుకుంది. తన తాతల ఊళ్ళో అమ్మవారి పేరట. తెల్లటి ముఖం, చిన్న కళ్ళు, నుదుటిమీద ఇంత కాటుక బొట్టు. మాట వచ్చాక, "ఏటత్తా, ఎక్కడికెల్తన్నావు" అని నా వెనకాల నన్ను చూసే నేర్చుకుని అత్తను అత్తా అనేది. అమ్మా అనమని అత్త నేర్పలేదు. ఎందుకు నేర్పలేదో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ పిల్లంటే నాకు ఇష్టమేనని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఉన్నది రాయాలి. అత్త కుడిచేతి మీద తల పెట్టుకుని పడుకునే చోటు నాది. నూకాలు వచ్చాక అది దానిదయింది. నన్ను ఎడమవైపుకు జరిపారు. ఆ నాలుగేళ్ళూ నేను ఎడమవైపే పడుకున్నాను.

నూకాలుకు నాలుగేళ్ళు దాటాక ఒక పొద్దున తౌకే, ఆయన భార్య కారులో వచ్చారు. వాళ్ళకు మళ్ళీ పిల్లలు కలగలేదు. దోషం తీరిపోయిందని ఆ గుడిలోవాళ్ళే మళ్ళీ చెప్పారట. నాన్న తలవంచుకుని, "దత్తత కాయితం లేదు పైడీ, మనవేటి సేస్తాం" అన్నాడు. అత్త పిల్లకు నీళ్ళు పోసి, తల దువ్వి, తనే ఎత్తుకెళ్ళి కారులో కూర్చోబెట్టింది. కారు కదిలాక దాని వెనకే నడిచింది. పరుగెత్తలేదు. తారు రోడ్డు దాకా నడిచి, అక్కడ నిలబడి, ఎండెక్కాక తిరిగొచ్చింది. ఆ రోజు నేను మళ్ళీ కుడివైపున పడుకున్నాను. సంతోషంగా నిద్రపోయాను. అది నాకు బాగా గుర్తు.

నూకాలును మూడేళ్ళు కంపార్‌లో వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉంచారు. తిరిగొచ్చేసరికి తెలుగు పోయింది, మేమూ గుర్తులేము. ఇప్పుడు ఆ పిల్ల పేరు సూ లాన్. తను పెంచినట్టు పిల్లకు చెప్పనని మాట ఇస్తేనే కొట్టుకు రావచ్చని తౌకే అత్తతో అన్నాడు. అత్త మాట ఇచ్చింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ కొట్టుకు వెళ్ళేది. నన్నూ తీసుకెళ్ళేది. పిల్ల కాస్త పెద్దదయి కౌంటరు దగ్గర నిలబడటం మొదలుపెట్టాక, అత్త దారపు ఉండలు కొనేది. దారాలు పై అరలో ఉండేవి. పిల్ల స్టూలు వేసుకుని ఎక్కాలి, డబ్బా దింపాలి, మూత తియ్యాలి. "ఆ నీలం కాదు, ఇంకొంచెం లేత నీలం" అని అత్త మలాయిలో అనేది. ఒక్కో రంగూ వెలుతురులోకి పట్టి చూసేది. అలా పావుగంట గడిచేది. మా అత్తకు కుట్టడం రాదు. ఇంట్లో బిస్కెట్ల డబ్బాలనిండా దారాలే.

"ఎందుకత్తా ఇన్ని?" అని నేను అడిగితే, "ఉంటాయిలే, ఏటి అవి తిండి అడుగుతాయా" అనేది.

నేను తెలుక్ ఇంతాన్‌లో పెద్దబడికి వెళ్ళడం మొదలుపెట్టాక, పై తరగతుల్లో మిస్ ఊనా వచ్చింది. ఇరవై అయిదేళ్ళకు మించవు. ఐర్లండులో పడమటి తీరాన చేపల రేవు ఉన్న చిన్న ఊరు వాళ్ళది. ఏడుగురిలో ఆఖరి పిల్ల. లోకం చూడాలని రెండేళ్ళకు వచ్చింది. ఎండకు ఓర్చుకోలేక ఎప్పుడూ తడి రుమాలు మెడకు కట్టుకునేది. తప్పు చేసినా తిట్టేది కాదు. వేరే టీచర్లు మాకు పాఠం చెప్పి వెళ్ళేవారు. ఈవిడ మాత్రం, "మీ ఇంట్లో పొద్దున ఏం జరిగింది? చెప్పండి" అనేది. బస్సుకు ఇంకా గంట ఉన్నప్పుడు నన్ను తన అద్దెగదికి తీసుకెళ్ళేది. మెట్లెక్కగానే చెక్కగోడలు, టైపురైటరు, డబ్బాపాలు వేసిన టీ. నేను చెబుతుంటే చుబుకం చేతిమీద ఆనించుకుని, కళ్ళార్పకుండా వినేది. నన్ను అలా విన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. నాన్నకు టైములేదు, అత్తకు పని.

కొన్ని నెలలకు నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. తోటలో పాములు, జాతర, మా నాన్న సైకిలు, అన్నీ అయిపోయాయి. ఆవిడ చూపు కిటికీవైపు వెళ్ళడం కనిపెట్టాను. ఆ రోజు నూకాలు సంగతి చెప్పాను. నోరు జారి చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, దారం సంగతి ఎప్పుడు తేవాలో బస్సులో కూర్చుని ఆలోచించుకుని మరీ చెప్పాను. పిల్ల స్టూలు ఎక్కడం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు గర్వమేసింది. మా అత్త ఎన్నడూ ఎవరిముందూ ఏడవని సంగతి చెప్పి నేను ఒకావిణ్ణి ఏడిపించాను, దానికి గర్వపడ్డాను.

"ఆ పిల్లకు ఎవరైనా చెప్పాలి కదా గౌరీ" అంది మిస్ ఊనా.

"చెప్పకూడదు మిస్. మాట ఇచ్చింది."

"మాట ఇచ్చింది మీ అత్త. నేను కాదు."

అప్పుడే నేను గట్టిగా వద్దనవలసింది. అంటే నామీద ఆవిడకున్న ఇష్టం తగ్గుతుందేమోనని భయం వేసింది. టీ తాగి ఊరుకున్నాను. ఆ శనివారం మిస్ ఊనా బస్సెక్కి సుంగై సుమున్ వెళ్ళింది. తనకొచ్చిన నాలుగు మలాయి మాటలతో ఆ పదమూడేళ్ళ పిల్లకు, దారాలు కొనే ఆవిడ నిన్ను పెంచిన తల్లి అని చెప్పి వచ్చింది. మంచిపని చేశాననే అనుకుంది. ఇప్పటికీ ఆవిడ మనసును తప్పుపట్టలేను. వెనక గదిలోంచి తౌకే విన్నాడని ఆవిడకు తెలియదు.

మర్నాడు నేనూ అత్తా వెళ్ళేసరికి తౌకే కొట్టుముందు నిలబడి ఉన్నాడు. మంచివాడే. గొంతు పెంచలేదు. మన వాళ్ళతో ఎప్పుడూ అరవంలోనే మాట్లాడేవాడు. "పైడమ్మా, ఇనిమే వరవేణాం లా" అన్నాడు. ఇకమీదట రావద్దని. అత్త ఎందుకని అడగలేదు. నేను మాట తప్పలేదనీ అనలేదు. ఆయన భుజం పక్కనుంచి ఒకసారి లోపలికి చూసింది. లోపల చీకటిగా ఉంది, నాకైతే ఏమీ కనపడలేదు. "సరి తౌకే" అని వెనక్కి తిరిగింది. దారిలో ఒకచోట ఆగి చెప్పులో దూరిన రాయి తీసుకుంది. "ఎవలో సెప్పినారు" అంది, నాతో కాదు, చెప్పుతో అన్నట్టు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

సోమవారం మిస్ ఊనా నాకోసం క్లాసు బయట కాచుకుని ఉంది. "ఏమైంది? ఆ పిల్ల ఏమంది?" అని అడిగింది. ఆవిడ ముఖం చూశాను. నిజం చెబితే ఆ ముఖం ఏమవుతుందో తెలుసు. మళ్ళీ నన్ను గదికి పిలవదేమో అని కూడా అనుకున్నాను, అదే ముందు అనుకున్నాను. "కౌంటరు వెనకనుంచి బయటికొచ్చి అత్త చెయ్యి పట్టుకుంది మిస్" అన్నాను. ఆవిడ నన్ను గట్టిగా కావలించుకుంది. ఆ తర్వాత వారం వారం ఆవిడ అడిగేది, నేను ఒక్కో ముక్క అల్లి చెప్పేదాన్ని. నూకాలు అత్తకు చీనా మిఠాయి పొట్లం కట్టి ఇచ్చిందనీ, ఇద్దరూ కొట్టు మెట్లమీద కూర్చున్నారనీ. ఇంట్లో మాత్రం అత్త ఆదివారాలు ఇల్లు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గచ్చునే మళ్ళీ కడిగేది.

రెండేళ్ళు పూర్తయ్యాక మిస్ ఊనా వెళ్ళిపోయింది. వాళ్ళ జిల్లా లైబ్రరీలో ఉద్యోగం చేస్తూ, రేడియోకు చిన్న చిన్న ప్రసంగాలు రాస్తూ ఉండేదట. ఇవన్నీ ఉత్తరాల్లో రాసేది. ప్రతి ఉత్తరం చివరా ఒక వాక్యం ఉండేది, అత్తా ఆ పిల్లా ఎలా ఉన్నారని. రెండుసార్లు బాగున్నారని రాశాను. మూడోసారి కలం సాగలేదు. జవాబులు మానేశాను. అయినా ఆవిడ క్రిస్మస్‌కు కార్డు పంపడం మానలేదు. మొదటి రెండు నవలలూ ఎవరూ చదవలేదనీ, ఉద్యోగం ఉంది కాబట్టి పరవాలేదనీ ఒక కార్డులో రాసింది. మూడోది వచ్చేసరికి నేను ఇపోలో టీచరుగా చేరి, పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. పోస్టులో పొట్లం వచ్చింది. విప్పితే లావుపాటి నవల. మొదటి పేజీలో, "గౌరికి, నాకీ ముగింపు ఇచ్చినందుకు" అని రాసి ఉంది.

ఒక సెలవులో కూర్చుని చదివాను. వాళ్ళ ఊరి రేవు, వాన, చర్చి గంటలు. ఎర్రజుట్టు ఆడమనిషి ఒకామె వారం వారం ఒక కొట్టుకు వెళ్ళి ఉన్ని ఉండలు కొంటుంది. ఆమెకు అల్లడం రాదు. కౌంటరు వెనక ఉన్న పిల్ల ఎవరో ఆమెకు తెలుసు, పిల్లకు తెలియదు. ఎక్కడో చల్లటి దేశంలో, మరొకరి చర్మం కప్పుకుని, మా అత్త నడుస్తోంది. చివర ఆ పిల్ల కౌంటరు వెనకనుంచి వస్తుంది. ఆ పుస్తకంతో మిస్ ఊనా పేరు మారుమోగిపోయింది. సినిమా తీశారు. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో ఒక నవల. పత్రికలవాళ్ళు తేలిక రచయిత్రి అని వెక్కిరించినా, చదివేవాళ్ళు లైను కట్టేవారు. మంచివాళ్ళకు చివరికి మంచే జరుగుతుందని ఎలా నమ్ముతారని ఎవరో అడిగితే, ఒకసారి జరిగిందని నాకు తెలుసు అందట. ఆ ముక్క నేను టీచర్ల గదిలో పేపరులో చదివాను. గంట కొట్టారు. క్లాసుకు వెళ్ళలేక కాసేపు అక్కడే కూర్చున్నాను.

తోటలో కొబ్బరి తీసేసి పామాయిలు చెట్లు వేశాక, నాన్న కూడా పోయాక, అత్తను ఇపో తెచ్చుకున్నాను. అప్పటికే మోకాళ్ళు పట్టేశాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్యాను కింద చాప వేసుకుని పడుకునేది. ఒకరోజు పుస్తకాల అర తుడుస్తూ ఆ నవలను పట్టుకుని వచ్చింది. చదువు రాదు. కానీ అట్ట వెనక బొమ్మ చూసింది.

"ఒలే గౌరీ, ఈ దొరసాని మీ బడి టీచరు కాదేటి? మెడకి తడిగుడ్డ కట్టుకునేది."

"అవునత్తా."

"బుక్కు రాసిందేటి. ఏటి రాసినాది? సదివి సెప్పు."

ఏవో వాళ్ళ దేశం సంగతులన్నాను. వినలేదు. రోజూ కాస్త కాస్త చదవమంది. ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. మొదటి రోజునుంచీ కథ మార్చేశాను. ఉన్ని ఉండలు లేవు, కొట్టు లేదు, పిల్ల లేదు. ఒకావిడకు తన అన్నదమ్ములతో పొలం తగాదా ఉన్నట్టు అప్పటికప్పుడు అల్లి చెప్పాను. పేజీలు తిప్పేదాన్ని, చెప్పేదాన్ని. అత్త వక్క నములుతూ ఊఁ కొట్టేది. దాదాపు నెల పట్టింది. ఆఖరి రోజు, పొలం ఆమెకే వచ్చిందని చెప్పి పుస్తకం మూశాను.

అత్త చాప మీద లేచి కూర్చుంది. తర్వాత నా ముఖంలోకి చూడకుండానే అంది.

"నీ కళ్ళు ఒక కాడ తిరిగినాయి, నోరు ఒక కాడ తిరిగినాది. నెలరోజులుగా సూస్తన్నాను."

పుస్తకాన్ని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాను.

"ఆ గుంట పలికినాదేటి, ఆకర్ని?" అని అడిగింది.

ఏ పిల్ల అని నేను అడగలేదు. "పలికింది అత్తా" అన్నాను.

"పలికినాదా. సరేలే." లేచి, గోడ పట్టుకుని, వెళ్ళి చెయ్యి కడుక్కుంది. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. చెప్పింది నేనేనని ఎప్పటినుంచి తెలుసో, ఆ చెప్పు దులుపుకున్ననాటినుంచీ తెలుసేమో, నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నన్ను ఒక్క మాట అని ఉంటే ఇంత బరువు ఉండేది కాదు. మరో రెండేళ్ళకు పోయింది. చివరిదాకా నా పిల్లలకు జడలు వేసింది.

బ్రిజిడ్ వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున కారు తీసుకుని సుంగై సుమున్ బయలుదేరాను. ఎందుకు వెళ్తున్నానో మా అమ్మాయికి చెప్పలేదు. కొబ్బరి పొగ వాసన వచ్చే దారంతా ఇప్పుడు పామాయిలు. కూలీల లైను ఇళ్ళు లేవు, మా క్వార్టర్సు ఉన్నచోట ఎరువు గోదాము ఉంది. బజారులో కొట్టు మాత్రం ఉంది. చెక్క తీసేసి సిమెంటు కట్టారు. ఎదురుగా కారు ఆపి ముందు బ్రిజిడ్‌కు ఫోను చేశాను.

"నిన్న నేను నీకు అబద్ధం చెప్పాను. ఆ పిల్ల రాలేదు, చెయ్యి పట్టుకోలేదు. మిస్ ఊనా చెప్పడంవల్లే మా అత్తను ఆ కొట్టుకు రావద్దన్నారు. సుఖంగా ముగిసిందని మిస్ ఊనాతో చెప్పింది నేను. అది రాసుకో. నా పేరు కూడా రాయి."

అవతల రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ అమ్మాయి, "ఆవిడకు ఇది తెలియదన్నమాట. చనిపోయేదాకా తెలియదు" అంది మెల్లగా. "మరి ఆ పిల్లకు తెలుసా?"

"ఇప్పుడు వెళ్ళి చెప్పాలి" అన్నాను.

కౌంటరు వెనక అరవై దాటిన ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఏదో రాసుకుంటోంది. కత్తిరించిన నెరిసిన జుట్టు. వెనక గోడమీద తౌకే ఫొటో, దాని ముందు అగరువత్తులు. నేను మలాయిలో, తోట కిరాణి కూతురినని, పైడమ్మ మేనకోడలినని చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టింది. కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను, ఆ తెల్ల టీచరుకు సంగతి చెప్పింది నేనని, ఆవిడ వస్తుందని తెలిసి ఆపలేదని, అత్తకు ఆ తప్పుతో సంబంధం లేదని. మధ్యలో ఒకాయన వచ్చి గోధుమపిండి అడిగాడు. ఆవిడ తూచి ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఆమె తర్వాత రాలేదు" అంది. "తెల్లావిడ అబద్ధం చెప్పిందేమో అనుకున్నాను. లేకపోతే నాకు తెలిసిపోయిందని తెలిసి, ఇక నేను అక్కర్లేక మానేసిందేమో అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను."

"మీ నాన్నగారు రావద్దన్నారు. గుమ్మం బయటే చెప్పారు."

"నాన్న బయటికి వెళ్ళడం చూశాను. ఏమన్నాడో వినపడలేదు." కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టింది. "ఆ ఆదివారం నేను ఆమెను పిలుద్దామనే నిలబడ్డాను. మీవాళ్ళ పిల్లలు తల్లిని ఏమని పిలుస్తారో రోజూ వింటూనే ఉండేదాన్ని కదా. అమ్మా, అమ్మా అని లోపల చాలాసార్లు అనుకుని చూసుకున్నాను. మలాయిలో అంటే బాగుండదని. ఈలోగా మీరిద్దరూ వెళ్ళిపోయారు."

క్షమించమని అడగాలని దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అవేవీ అనకుండా, ఆవిడ ఇందాక చూపించిన కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ నాకు నీళ్ళిచ్చింది. నా ముఖం వైపు కాకుండా వీధివైపు చూస్తూ, ఆ ఇంట్లో తను ఎక్కడ పడుకునేదని అడిగింది.

"అత్త కుడిచేతి మీద" అని చెప్పాను. "ఆ చోటుకోసం నేను నిన్ను గిల్లేదాన్ని."

ఇంకా చెప్పమంది. ఏం తినేదో, ఏం మాట్లాడేదో, కారులో వెళ్ళిపోయిన రోజు అత్త తారు రోడ్డు దాకా ఎలా నడిచిందో. ఇదే కథను ఒకప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది దాచి ఉంచాలో చూసుకుని చెప్పాను. ఈసారి గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు చెప్పాను. కొన్నిచోట్ల నాకు తెలియదనీ, మరిచిపోయాననీ చెప్పాను. మధ్యాహ్నం దాటింది. ఎవరైనా సరుకులకు వస్తే ఆవిడ లేచి ఇచ్చి వచ్చి, ఆగిన చోటునుంచి చెప్పమనేది. నేను లేచేటప్పుడు నన్ను గుమ్మందాకా సాగనంపింది. పరవాలేదని అనలేదు. మళ్ళీ రమ్మని అనలేదు, రావద్దనీ అనలేదు. వచ్చే వారం వెళ్తాను.